పేరు ముందు రెండక్షరాలు

మొన్న శుక్రవారం మధ్యాహ్నం జగిత్యాల దగ్గరి ఓ పల్లె నుంచి రాజన్న ఫోన్ చేశాడు. రాజన్న ఒకప్పుడు మా కంపెనీలో స్కాఫోల్డింగ్ పరంజాలు కట్టేవాడు. ఇంటికి వెళ్ళిపోయి రెండేళ్ళయింది. ఎలా ఉన్నావని నేను అడిగేలోపే, “సారూ, మన భాయి పోయిండట. ప్రొద్దుటూర్ల. పది దినాలాయెనట. మీకెర్కేనా?” అన్నాడు.

తెలియదన్నాను.

“అయ్యో, మీకే ముందుగాల తెలుస్తదనుకున్న సారూ. గాయనకు మీరంటే పానం గదా,” అన్నాడు.

ఆయన చిన్న కూతురి నంబరు ఉంటే పంపమని చెప్పి పెట్టేశాను. నంబరు రెండు నిమిషాల్లో వచ్చింది. ఆ నంబరుకు ఫోన్ చెయ్యడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

మా ఆఫీసు సౌదీలోని రాబిగ్‌లో, రిఫైనరీ ప్రహరీకి బయట, వరసగా పెట్టిన రేకుల క్యాబిన్లలో ఉంటుంది. లోపలి యంత్రాలకు మెయింటెనెన్స్ పనులు చేసే కాంట్రాక్టు మాది. భాయి అక్కడ టైపిస్టు. కాగితాల మీద ఆయన హోదా ఆఫీస్ అసిస్టెంట్. నేను తణుకులో ఎంబీఏ చేసి అడ్మిన్ ఆఫీసర్‌గా వచ్చేటప్పటికే ఆయన ఆ కుర్చీలో పాతికేళ్ళుగా ఉన్నారు. అందరూ భాయి అనేవారు. నేను భాయిగారూ అనేవాణ్ణి. ఆయనకు అది నవ్వులాటగా ఉండేది.

“మీ గోదావరోళ్ళు బస్సు కండక్టరును గూడా గారూ అంటారంట గదా?” అనేవారు.

గొంతు దాకా గుండీలు పెట్టిన తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. చిన్నప్పుడు ప్రొద్దుటూరులో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకున్న పదివేళ్ళ టైపింగు. వరస పూర్తయినప్పుడల్లా ఎడమ చెయ్యి కాస్త పైకి లేచేది, కంప్యూటర్‌కు లేని ఆ పాత మిషను పిడిని నెట్టడానికి. ఎవరి పేరైనా టైపు చేసే ముందు ఆ పేరును పెదాలతో ఒకసారి అనుకునేవారు. శబ్దం రాదు. పెదాలు మాత్రం కదులుతాయి.

పేరు ముందు ఏముండాలన్నది ఆయనకు ప్రాణం. సొరుగులో చిన్న డైరీ ఒకటి ఉండేది. మేము ఉత్తరాలు రాసే ప్రతి ఆఫీసులోనూ ఎవరు ఇంజనీరు, ఎవరు డాక్టరు, ఎవరు మిలిటరీ నుంచి వచ్చిన కర్నల్ అన్నది అందులో రాసుకునేవారు. తెలియకపోతే ఆ ఆఫీసుకు ఫోన్ చేసి, కుర్చీలోంచి లేచి నిలబడి, మెల్లగా ఇంగ్లీషులో అడిగేవారు: సార్ పేరుకు ముందు ఏం రాయాలో దయచేసి చెప్తారా అని. ఒకసారి క్లయింటు ఆఫీసులోకి కొత్తగా ఒక సౌదీ అమ్మాయి ఇంజనీరుగా వచ్చింది. నెల రోజులుగా అందరం ఆమెకు డియర్ సర్ అనే రాస్తున్నాం. ఈయన ఒక్కరే ఫోన్ చేసి కనుక్కుని, ఇంజనీర్ అని పెట్టి రాశారు. ఆ అమ్మాయి ఏదో పని మీద మా క్యాబిన్‌కు వచ్చినప్పుడు, ఆ ఉత్తరం ఎవరు రాశారని వాకబు చేసి మరీ ఆయన్ని చూసి, “షుక్రన్ యా ఉస్తాద్” అంది, ధన్యవాదాలు గురువుగారూ అని. ఆ సంతోషంలో రెండు రోజులు ఆయన మా ఎవరి తప్పులూ దిద్దలేదు.

నాకు పాఠాలు చెప్పింది ఆయనే. వచ్చిన కొత్తలో నేనొక ఉత్తరంలో మిస్టర్ ఇంజనీర్ అని రెండూ కలిపి రాశాను. కాగితం తెచ్చి నా ముందు పెట్టి, “ఒక తలకాయకు రెండు టోపీలు ఎందుకు నాయనా?” అన్నారు. బాధ కలిగించే సంగతి రాయాల్సి వస్తే చింతిస్తున్నామన్న మాట ముందు పెట్టాలనీ, అది పెట్టాక మళ్ళీ తిట్టకూడదనీ చెప్పారు. “స్పెల్లింగు తప్పు పోతే దిద్దుకుంటారు. ఇది తప్పు పోతే మనిషి నొచ్చుకుంటాడు. బయటికి చెప్పడు గూడా,” అనేవారు.

పెద్దవాళ్ళ విషయంలో ఇదంతా మాకూ బాగానే ఉండేది. కానీ ఆయన వెల్డర్లకూ, పెయింటర్లకూ, క్యాంపు ఊడ్చేవాళ్ళకూ కూడా మిస్టర్ రాసేవారు. పాస్‌పోర్టుల్లో మనవాళ్ళ పేర్లు తలకిందులుగా ఉంటాయి కదా. ఏది ఇంటిపేరో, ఏది అసలు పేరో తేలదు. ఆయన మనిషిని పిలిపించి, “మీ ఊర్లో నిన్ను ఏమని పిలుస్తారప్పా?” అని అడిగి, ఆ పేరుకు ముందే ఎం, ఆర్ పెట్టి ఒక చుక్క పెట్టేవారు.

రాజన్న నాకు పరిచయమైంది అలాగే. నడుము బెల్టు హుక్కు తగిలించకుండా పైకెక్కినందుకు అతనికి వార్నింగ్ లెటర్ ఇచ్చారు. సంతకం పెట్టడానికి వచ్చి, కాగితం చూసి, వెనక్కి ఇచ్చేశాడు.

“గిది నాది కాదు సారూ. ఎవలో మిస్టర్‌ది.”

భాయిగారు లేచారు. “నీదేనప్పా. రాజన్న నువ్వే గదా? మిస్టర్ రాజన్న.”

రాజన్న నా వైపు చూశాడు, ఇదేమైనా పరాచికమా అన్నట్టు. నేను నవ్వాను. భాయిగారు నవ్వలేదు. రాజన్న సంతకం పెట్టి, కాగితాన్ని గోడకు ఆనించి ఫోన్‌తో ఫోటో తీసుకున్నాడు. ఆ ఫోటో పెళ్ళానికి పంపాడట. కంపెనీవాళ్ళు నన్ను మర్యాదగ రాసిండ్రు అని చెప్పాడట.

వార్నింగ్ లెటర్‌ను మురిపెంగా ఇంటికి పంపినవాడి కథ నేను చాలా నెలలు భోజనాల దగ్గర చెప్పాను. రాజన్న యాసతో, భాయిగారి గొంతుతో చెప్పేవాణ్ణి. అందరూ పడి పడి నవ్వేవారు. ఒకసారి చెప్పడం ముగించి వెనక్కి తిరిగితే ఆయన టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచి ఉన్నారో తెలియదు. టీ తాగకుండానే గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయారు.

మర్నాడు ఒక్క మాటే అడిగారు. “తెలుగులో గారు అనేదానికి నీకు నోరొస్తాది గదా నాయనా. ఇంగ్లీషులో ఎందుకు రాదు?”

“అక్కడ అలాగే ఉంటుందండీ, అందరికీ పెట్టరు,” అన్నాను.

“ఎవరు పెట్టరు?”

ఫోన్ తీసుకుని బయటికి వెళ్ళాను.

అయినా ఆయన నన్ను నమ్మారు. ఒకరోజు ఒక కాగితం తెచ్చి, ఎవరిదో ఇకామా, అంటే అక్కడి నివాస కార్డు, నంబరులో ఫలానా అంకె మూడా ఎనిమిదా చూసి పెట్టమన్నారు. ఎనిమిది అన్నాను. వెళ్ళబోయి ఆగి, తలుపు దగ్గరగా వేసి, నెమ్మదిగా చెప్పారు.

“ఎడమ కన్ను మబ్బుగా ఉండాది నాయనా. జెడ్డాలో చూపించినా. షుగరు వల్లనంట. నెలకొక ఇంజెక్షను ఏస్తా ఉండారు. ఆరేడు నెలలు వరసగా ఏస్తే చూపు నిలబడుతాదంట. అంతదాకా ముదీర్ చెవిన పడకుండా చూడు. చిన్నమ్మి బీఈడీ గూడా ఇంకా ఏడాది ఉండాది.”

“నేనెందుకు చెప్తానండీ భాయిగారూ!” అన్నాను. నిజంగానే అన్నాను. ఆ తర్వాత రెండు నెలలు అంకెలు నేనే చదివి పెట్టాను. ఆయన కళ్ళద్దాలు తీసి కుడి కంటికి దగ్గరగా కాగితం పట్టుకునేటప్పుడు ఎవరైనా వస్తుంటే గట్టిగా దగ్గేవాణ్ణి.

అప్పుడు పాత ముదీర్ పోయి కొత్త మేనేజర్ వచ్చాడు. ఏ ఉత్తరమైనా పది నిమిషాల్లో బయటికి పోవాలనేవాడు. నేను ఎక్సెల్‌లో ఒక పట్టిక చేసి, ఉత్తరాలు వాటంతట అవే తయారయ్యేలా కలిపాను. అందులో ఒక కాలమ్ పేరు ముందు ఏం రావాలన్నది. మేనేజర్ల పక్కన మిస్టర్ అని, ఇంజనీర్ల పక్కన ఇంజనీర్ అని నింపాను. మిగతా రెండు వందల మంది పక్కన ఖాళీ వదిలేశాను. వాళ్ళ ఉత్తరాలు ఉద్యోగి నంబరుతో మొదలవుతాయి. ఆ ఖాళీ నింపడానికి ఒక్క నిమిషం పట్టేది. పైనుంచి కిందికి లాగితే చాలు. అవసరమనిపించలేదు. మేనేజర్ నా భుజం తట్టాడు.

రాబిగ్ నుంచి నలభై మందిని తబూక్ సైటుకు బదిలీ చెయ్యాల్సి వచ్చింది. నలభై ఉత్తరాలు ఐదు నిమిషాల్లో ప్రింటయి, మేనేజర్ సంతకాలయి, పంచడానికి భాయిగారి బల్ల మీదికి వెళ్ళాయి. మధ్యాహ్నం నమాజు లోపల కార్మికుల సంతకాలు కావాలి. పదకొండున్నరకు మేనేజర్ వచ్చి చూస్తే ఒక్క ఉత్తరం కూడా క్యాంపుకు వెళ్ళలేదు. భాయిగారు బల్ల మీదికి వంగి, నల్ల పెన్నుతో, ప్రతి పేరు ముందూ ఎం, ఆర్, చుక్క రాస్తున్నారు. చాలావరకు అచ్చక్షరాల్లా పడ్డాయి. రెండు మూడు ఉత్తరాల్లో మాత్రం ఆ అక్షరాలు పేరు మీదే పడి, పేరు నల్లగా అలుక్కుపోయింది.

మేనేజర్ ఆ కాగితాలు తీసుకుని నేరుగా నా గదికి వచ్చాడు. ఆఫీసు ఉత్తరాల మీద ఈ గీతలేమిటి, ఇది నీ సిస్టమ్ తప్పా, ఆ మనిషి తప్పా అని ఇంగ్లీషులో అరిచాడు.

నేను చెప్పాల్సింది చిన్న మాట. ఆ కాలమ్ నేను ఖాళీగా వదిలేశాను, ఆయన దాన్ని నింపుతున్నారు అని. ఆ మాట చెబితే తట్టిన భుజం మీదే దెబ్బ పడుతుందేమోనని భయం వేసింది. నా భార్య ఫ్యామిలీ వీసా కాగితాలు మేనేజర్ సంతకం కోసం ఎదురుచూస్తున్నాయి. అదొక సాకు అనుకోండి.

“సిస్టమ్ బాగానే ఉంది సర్,” అన్నాను. “ఆయనకు ఎడమ కన్ను సరిగా కనబడదు. కొంతకాలంగా చికిత్స జరుగుతోంది.”

మేనేజర్ చేతిలో కాగితాలు కిందికి దిగాయి. “ఎంతకాలంగా?” అని మామూలు గొంతుతో అడిగాడు. అదీ చెప్పాను.

మూడు వారాల తర్వాత తగ్గించాల్సిన సిబ్బంది జాబితా వచ్చింది. ఆయన పేరు రెండోది. మేనేజర్ నాకు కారణం రెండు ముక్కల్లో చెప్పాడు, చూపు లోపం అని. దాన్ని వాక్యం చేసింది నేను. చింతిస్తున్నాము అని మొదలుపెట్టి, చూపు మందగించినందువల్ల విధులు నిర్వర్తించడం కష్టమవుతున్నదని మంచి ఇంగ్లీషులో రాశాను. ఫైనల్ ఎగ్జిట్‌కు, అంటే దేశం వదిలి వెళ్ళడానికి, నెల రోజుల గడువు. పట్టికకు కలిపి ప్రింటు తీశాను. సంతకమయి వచ్చిన కాగితం కవరులో పెట్టేటప్పుడు చూశాను. ఆయన హోదా ఆఫీస్ అసిస్టెంట్. ఆ వరసలో కాలమ్ ఖాళీ. ఉత్తరం ఉద్యోగి నంబరుతో మొదలైంది. కింద ఒట్టి పేరు.

ఇంకో కాగితం తియ్యడం ఎంతసేపు? కానీ మళ్ళీ మేనేజర్ గదికి వెళ్ళాలి. మళ్ళీ సంతకం అడగాలి. ఎందుకని అడిగితే చెప్పాలి. కవరు అంటించాను.

ఆయన నిలబడే కవరు తీసుకున్నారు. అద్దాలు తీసి, కాగితాన్ని కుడి కంటి దగ్గర పెట్టుకుని, పైనుంచి కిందికి చదివారు. పేరు దగ్గర పెదాలు కదిలాయి. కన్ను గురించిన వాక్యం దగ్గరికి వచ్చి, అక్కడ చాలాసేపు ఉండిపోయారు. ఆ ఆఫీసులో ఆ సంగతి తెలిసింది నాకొక్కడికే.

“ఈ లైను నువ్వు రాసినావా నాయనా?”

“మేనేజర్ డిక్టేట్ చేశారండీ,” అన్నాను.

ఆయన తలాడించారు. “ఇంగ్లీషు బాగుండాది. తప్పు లేదు యాడా,” అన్నారు. తర్వాత, “సంతకం ఎక్కడ పెట్టాల?” అని అడిగారు. కాగితం కింద గీత ఉంది. అది ఆయన కంటికి కనబడలేదు. నేను వేలు పెట్టి చూపిస్తే, నా వేలి పక్కన సంతకం పెట్టారు.

ఆ నెల రోజులూ ఆయన ఎప్పటిలాగే వచ్చారు. అంకెలు చదివి పెట్టమని మాత్రం మళ్ళీ నా దగ్గరికి రాలేదు. అకౌంట్స్‌లో ఒక మలయాళీ అబ్బాయిని అడిగేవారు.

ఆయన వెళ్ళే ముందు శుక్రవారం రాజన్న నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. తబూక్ బదిలీలో అతని పేరు లేదు, ఇక్కడే మిగిలాడు. క్యాంపు మెస్‌లో భాయికి చిన్న పార్టీ పెడుతున్నామనీ, అందరి తరఫునా ఇంగ్లీషులో ఒక సర్టిఫికెట్ రాసివ్వాలనీ అడిగాడు. “మాకు రాదాయె. మీరైతె గాయన శిష్యులు,” అన్నాడు.

మెస్‌లో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. చుట్టూ ముప్పై మంది. తలో మాటా చెబుతుంటే నేను ఇంగ్లీషులోకి మార్చాను. మా ఊర్ల నన్నేమంటరో అడిగిన సారు ఈయనొక్కడే అని రాయమన్నాడు ఒకాయన. మా నాయన సచ్చిపోతే సెలవు కాయితం నిమిషంల కొట్టిచ్చిండు, పైసా చాయ్ గూడ తాగలే అని రాయమన్నాడు ఇంకొకాయన. రాజన్న నా పక్కనే కూర్చుని, గొంతు తగ్గించకుండా అన్నాడు:

“కండ్లు మంచిగ లెవ్వని ఎవడో ముదీర్‌కు చెప్పిండట సారూ. వాడెవడో గని, వాని కండ్లు పేలిపోను.”

ఎదురుగా బెంచీ మీద భాయిగారు కూర్చుని ఉన్నారు. అంతా విన్నారు. నా వైపు చూడలేదు.

“పండగపూట లాగ ఉండాది, తిట్లు ఎందుకప్పా. బిర్యానీ చల్లారిపోతాది, పెట్టండి,” అన్నారు.

సర్టిఫికెట్‌లో ఆయన పేరు ముందు మిస్టర్ పెట్టాను. ముప్పై మంది చుట్టూ నిలబడి ఉన్నప్పుడు పెట్టడం ఏమంత కష్టం కాదు. నేను గట్టిగా చదివాను, అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన లేచి వచ్చి కాగితం తీసుకుని, “బాగా నేర్చుకున్నాడు మావాడు,” అని వాళ్ళకు చెప్పి, నా తల మీద చెయ్యి పెట్టారు. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. ఆ చెయ్యి తీసేవరకూ నేలవైపు చూస్తూ కూర్చున్నాను.

ఎయిర్‌పోర్టుకు వెళ్ళలేదు. ఆరోజు క్లయింటుతో మీటింగు ఉందన్నాను. మీటింగు మర్నాడు. తర్వాత ప్రతి పండక్కీ ఆయన దగ్గర నుంచి వాట్సాప్‌లో రెండు వాక్యాల శుభాకాంక్షలు వచ్చేవి, పద్ధతిగా, నా పేరు ముందు మిస్టర్‌తో. నేను ఒక బొటనవేలి బొమ్మ పంపేవాణ్ణి. ఒక రంజాన్ నుంచి అవి కూడా ఆగిపోయాయి. ఎందుకు ఆగాయని నేను అడగలేదు.

నాలుగో రోజు ఆయన కూతురికి ఫోన్ చేశాను. ప్రొద్దుటూరులో ఒక స్కూల్లో టీచరుగా చేస్తోంది. నేనెవరో చెప్పగానే గుర్తుపట్టింది.

“మీ గురించి చెప్తా ఉండేవాడు సార్ అబ్బాజాన్. మీకు ఇంగ్లీషు తానే నేర్పించినానని.”

ఆయనకు ఎలా అయిందని అడిగాను. గుండె అంది. అంతకు ముందు సంగతి కూడా తనే చెప్పింది. ఇక్కడికి వచ్చాక ఇంజెక్షన్లకు రెండు నెలలు ఆలస్యమైందట. కర్నూలులో చూపిస్తే ఎడమ కన్ను ఇక రాదన్నారట. తర్వాత కుడి కన్ను కూడా మందగించిందట. చివరి ఏడాదిన్నర పేపరు ఈమే చదివి వినిపించేదట.

“అక్కడే ఇంకొక నాలుగు నెలలు ఉండింటే ఆ కన్ను మిగులుతా ఉండె అని డాక్టరు చెప్పినాడు సార్,” అంది. “ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దండి. ఆ కంటి సంగతి ఆఫీసులో ఎవరో చెప్పినారంట. ఎవరో మీకు తెలుసా?”

అవతల పిల్లల గోల వినిపిస్తోంది. తెలియదని అనడం నాకు అలవాటైన పనే. నోటిదాకా వచ్చింది కూడా.

“నేనేనమ్మా,” అన్నాను.

ఫోన్ తెగిపోయిందేమోనని చూసుకున్నాను. తెగలేదు.

“అబ్బాజాన్‌ను ఎన్నిసార్లు అడిగినానో. పేరు చెప్పలేదు,” అంది చివరికి. “కోపమొచ్చి నేను వాడు, వీడు అంటే ఊరుకునేవాడు కాదు. ‘ఆయన’ అనమ్మా, ఆయనా ఉద్యోగం చేసుకునే మనిషే అని చెప్పేవాడు. నేను అనేదాన్ని కాదు.”

“సారీ అమ్మా. నేను...”

“ఇప్పుడు మిమ్మల్ని నేను ఏమని పిలవాల?” అని అడిగింది.

ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడిగింది. నేను చెబుతానేమోనని కొంతసేపు ఆగింది కూడా. తర్వాత, క్లాసుకు టైమైందని చెప్పి ఫోన్ పెట్టేసింది.